చుక్కల కన్నా ముందు నమ్మకం

వైల్డ్‌ పోలియో వైరస్‌ ప్రపంచంలో ఇంకా రెండు దేశాల్లోనే తిష్ఠ వేసుకుని ఉంది. అవి పాకిస్థాన్‌, అఫ్గానిస్థాన్‌. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో బయటపడింది. మరి పక్క దేశంలో జబ్బు ఎందుకు పోవటం లేదు? ఘర్షణలు, వలసల వంటి కారణాలు ఉన్నాయి. వాటితోపాటు అపనమ్మకమూ పెద్ద అడ్డంకే.

ఒక్క నాటకం.. ఎన్నో ఏళ్ల నష్టం

బిన్‌ లాడెన్‌ ఆచూకీ కోసం అమెరికా గూఢచార సంస్థ సీఐఏ 2011లో అబోటాబాద్‌లో హెపటైటిస్‌-బి టీకాల పేరుతో నాటకమాడించింది. సంగతి బయటపడ్డాక ‘టీకాల వెనక కుట్ర ఉంది’ అన్న పాత పుకార్లకు బలం వచ్చింది. మర్నాటి ఏడాదే వజీరిస్థాన్‌లో తాలిబన్లు పోలియో చుక్కలను నిషేధించారు. ఇంటింటికీ తిరిగే టీకా సిబ్బందిపై కాల్పులు జరిగాయి. 2014లో పాకిస్థాన్‌లో 300 మందికి పైగా పోలియో బారిన పడ్డారు. ఇకపై గూఢచర్యానికి టీకా కార్యక్రమాలను వాడుకోబోమని అమెరికా ఆ ఏడాదే ప్రకటించింది. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. 2019లో పెషావర్‌ ప్రాంతంలో చుక్కల వల్ల పిల్లలు స్పృహ తప్పుతున్నారన్న వదంతి పుట్టింది. వేలాది పిల్లలను ఆసుపత్రులకు మోసుకెళ్లారు. ఓ ఆరోగ్య కేంద్రానికి నిప్పు పెట్టారు.

నమ్మకం నిలిచిన చోట

శ్రీలంకలో 2008లో పెంటావాలెంట్‌ టీకా తర్వాత కొందరు శిశువులు మరణించారన్న ఫిర్యాదులు వచ్చాయి. ప్రభుత్వం వాటిని దాచిపెట్టలేదు. టీకాను ఆపేసింది. నిపుణులతో పరిశీలన జరిపించాకే 2010లో మళ్లీ ప్రారంభించింది. అక్కడి తల్లిదండ్రులు టీకాలకు దూరం కాలేదు. 2019లో ఆ దేశం తట్టును నిర్మూలించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

భూటాన్‌ది మరో దారి. 2021 మార్చిలో కొవిడ్‌ టీకాలకు బౌద్ధ గురువులను సంప్రదించి ముహూర్తం పెట్టారు. జూలైలో రెండో డోసును వారం రోజుల్లోనే అర్హులైన పెద్దల్లో దాదాపు 90 శాతం మందికి ఇచ్చేశారు. జనం విశ్వాసాలను వెక్కిరించకుండా వెంట తీసుకెళ్లారు.

మనం చేయాల్సిందేంటి?

సందేహం రావడం తప్పు కాదు. దాన్ని వాట్సప్‌లో తీర్చుకోవాలనుకోవడమే ప్రమాదం. టీకా తర్వాత కొద్దిపాటి జ్వరం, సూది వేసిన చోట నొప్పి, వాపు మామూలే. ఎలాంటి ఇబ్బందులు రావచ్చో ఏఎన్‌ఎంను ముందే అడిగి తెలుసుకోండి. టీకా వేయించాక అరగంట అక్కడే ఉండండి. జ్వరం ఎక్కువగా ఉన్నా, ఫిట్స్‌ వచ్చినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. టీకా కార్డును భద్రంగా దాచుకోండి. ఒక డోసు తప్పితే మానేయకుండా, మిగతావి ఎప్పుడు వేయించాలో డాక్టరును అడగండి.