క్రీడలు, కళలు – దేశమైత్రి

క్రీడలును కళలును జాతుల నడుమ వైరమును శమింపజేయునను మాట తఱచుగా వినవచ్చును. రెండు చరిత్రాంశములతో దీనిని పరీక్షింతము.

1949లో చైనా ప్రజాగణతంత్రము ఏర్పడినది మొదలు దానితో అమెరికాకు దౌత్యసంబంధములు లేకుండెను. 1971 ఏప్రిల్‌లో జపానునందలి నగోయాలో ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలు జరుగుచుండగా గ్లెన్ కోవన్ అను అమెరికా క్రీడాకారుడు చైనా జట్టు బస్సు నెక్కెను. చైనా వీరుడు జువాంగ్ జెడాంగ్ అతనికి పర్వతదృశ్యము గల పట్టువస్త్రమును కానుకగా నొసగెను. కొలది దినములకే అమెరికా జట్టు చైనాలో అతిథియైనది. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ అచటికి వెళ్లెను. 1973లో ఫిలడెల్ఫియా వాద్యబృందము బీజింగులో సంగీతము వినిపించెను. అయితే ఇరు ప్రభుత్వములును బస్సు సంఘటనకు ముందే పాకిస్తాను మూలమున రహస్యసందేశములు పంపుకొనుచుండినవి. పూర్తి దౌత్యసంబంధములు 1979 వఱకు కుదురలేదు.

ఇందుకు భిన్నముగా, 1969లో హోండురాస్, ఎల్ సాల్వడార్ దేశముల ఫుట్‌బాల్ పోటీల వెంటనే యుద్ధము సంభవించెను. భూమిని గూర్చియు, వలసలను గూర్చియు వివాదములు అప్పటికే రగులుచుండెను. ఆట వానికి ఆజ్యమైనది.

కావున ఆటయు పాటయు స్వయముగా మైత్రిని గాని వైరమును గాని పుట్టింపవు, ఉన్నదానిని బయల్పఱచును. ప్రభుత్వములు పలుకజంకు తొలిమాటను క్రీడాకారుడు పలుకగలడు. మలిమాట ప్రభుత్వములే పలుకవలెను.