పాత దాగలి చెప్పే చరిత్ర

మన పల్లెలలో కొలిమి ఉన్న ఇండ్లు తగ్గిపోయినవి. నాగలి కర్రుకు పదును పెట్టించుకొని, పంట ఇంటికి వచ్చినప్పుడు కమ్మరికి మేర కొలిచిన రోజులు పెద్దలకు ఇంకా జ్ఞాపకమే. కొలిమి ఆరిన తరువాత తిత్తి చినిగిపోతుంది, సుత్తి పిడి పుచ్చిపోతుంది. చివరకు మిగిలేది దాగలి ఒక్కటే. దానిని పాత ఇనుము క్రింద కిలోల లెక్కన అమ్మివేసే కుటుంబాలు ఎన్నో. అమ్మక ముందు దానిని ఒకసారి చదివి చూడండని మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. అవును, దాగలిని చదవవచ్చును.

మన ఊరి దాగలి సాధారణంగా మొద్దులో దిగవేసిన నలుచదరపు ఇనుప దిమ్మ. ఆంగ్లేయుల కాలములో వర్కుషాపుల కొరకు వచ్చిన దాగలి వేరు. దానికి ఒక ప్రక్క కొమ్ము, మధ్యలో సన్నని నడుము, క్రింద పాదములు ఉంటాయి. పేరు, బరువు వ్రాసి ఉండేది ఇటువంటి వాటి మీదనే.

మొదట శుభ్రపరచుట

తుప్పు మీద కిరోసిను పూసి ఒక రాత్రి ఉంచండి. ఉదయం తీగల బ్రష్షుతో చేతితోనే రుద్దండి. తరువాత ప్రక్క భాగము మీద ముగ్గుపిండి చల్లి, పైపైన గుడ్డతో తుడిస్తే గుంటలలో పిండి నిలిచి అక్షరాలు తెల్లగా కనబడతాయి. చీకటిలో టార్చిలైటును ప్రక్కవాటుగా వేసి చూసినా అరిగిన గీతలు బయటపడతాయి. పలుచని కాగితము పరచి పెన్సిలుతో రుద్దితే అచ్చు కాగితము మీదికి దిగుతుంది. దానిని భద్రపరచుకోండి.

మూడు అంకెల లెక్క

ఇంగ్లండు దాగలి ప్రక్కన ఎడమెడముగా మూడు అంకెలుంటాయి. అవి తయారైన సంవత్సరమని చాలామంది పొరబడతారు. నిజానికి అది బరువు. మొదటిది హండ్రెడ్‌వెయిట్లు, అనగా ఒక్కొక్కటి 112 పౌండ్లు. రెండవది అందులో నాలుగవ వంతులు, అనగా ఒక్కొక్కటి 28 పౌండ్లు. మూడవది విడి పౌండ్లు. ‘1 2 10’ అని ఉంటే 112, 56, 10 కలిపి 178 పౌండ్లు, అనగా దాదాపు 81 కిలోలు. నడిమి అంకె 3 దాటదు, చివరిది 27 దాటదు. ఈ కొలతకు సరిపడితే అది ఇంగ్లండు లెక్క కావచ్చును. అమెరికాలోని బ్రూక్లిన్‌లో తయారైన హే-బడెన్ దాగలి మీద బరువు నేరుగా పౌండ్లలోనే ఉంటుంది. దాని పాదము మీద ఉండేది వరుస సంఖ్య.

పేరు, గుర్తు, కాలము

‘పీటర్ రైట్, పేటెంట్’ అనే మాటలు, గుండ్రని గీతలో ‘సాలిడ్ రాట్’ అనే మాటలు ఉంటే అది ఇంగ్లండులోని డడ్లీ పట్టణపు పని. ‘మౌస్ హోల్’ అని ఉంటే షెఫీల్డ్‌లో రివెలిన్ నది ఒడ్డున ఉండిన కొలిమిది. గ్రద్ద బొమ్మ ఉంటే అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన ఫిషర్ దాగలి కావచ్చును. దానికి 1847లో పేటెంటు లభించింది. దాని శరీరము పోత ఇనుము, ముఖము ఉక్కు. సుత్తితో తట్టితే మిగతావి గంటవలె మ్రోగుతాయి, ఇది మాత్రము మొద్దుగా పలుకుతుంది.

‘ఇంగ్లండ్’ అనే మాట ఉన్నదా అని కూడా చూడండి. దిగుమతి సరుకుల మీద దేశము పేరు ఉండవలెనని అమెరికా 1890లో చట్టము చేసింది. కనుక ఆ మాట ఉన్నది సాధారణంగా ఆ తరువాతి కాలపు వస్తువు. అది లేనంత మాత్రాన అంతకు ముందుదని చెప్పలేము. కొందరు ఆలస్యముగా వేశారు.

పేరు అరిగిపోయినా ఆధారాలు మిగులుతాయి. నడుములోను, అడుగునను చిన్న చదరపు గుంటలు ఉంటే, ఎర్రగా కాలిన దిమ్మను కడ్డీలతో ఎత్తి తిప్పుతూ, పలువురు సమ్మెటలతో కొట్టి చేసిన దాగలి అని గ్రహించవచ్చును. అమెరికాలో దొరికే దాగళ్ళ గుర్తులను రిచర్డ్ పోస్ట్‌మన్ అనే ఆయన ఓపికతో సేకరించి 1998లో పెద్ద గ్రంథముగా ప్రచురించారు.

చేయకూడనివి

ముఖము నునుపు చేయాలని గ్రైండరు పెట్టకండి. చేత ఇనుము మీద అతికిన ఉక్కు పలక మందము ఎక్కువ కాదు. అది అరిగితే దాగలి పనికిరాదు. అంచులు విరిగాయని తొందరపడి వెల్డింగు చేయిస్తే ఆ వేడికి ఉక్కు పదును పోతుంది. అక్షరాలున్న ప్రక్కను అసలే గ్రైండు చేయవద్దు. ఒకసారి పోయిన పేరును ఎవరూ తిరిగి వ్రాయలేరు.

పేరు లేని దాగలి

మన ఊరి దిమ్మ మీద ఏ కంపెనీ పేరూ ఉండదు. దానిని ఎవరు చేశారో, ఎవరి చేతి నుండి ఎవరి చేతికి వచ్చిందో, దాని మీద ఏయే ఊళ్ళ కర్రులు సాగాయో ఇంటి పెద్దలకే తెలుసు. డడ్లీ కమ్మరి చరిత్రను ఇనుము మీది అక్షరాలు కాపాడాయి. మన కమ్మరి చరిత్రకు ఆ పెద్దల నోటిమాటే ఆధారము. కాబట్టి ఈ వారములోనే వారి దగ్గర కూర్చొని అడగండి. చెప్పినదంతా ఒక నోటుపుస్తకములో వ్రాసి, తేదీ వేసి ఉంచండి. ఆ తరువాత దాగలిని అమ్మాలో, ఉంచుకోవాలో కుటుంబమంతా కలిసి నిర్ణయించుకోండి.