షిరాజు ద్రాక్షయు, దేశభేదముచే దాని ఆసవమునందు కలుగు భేదములును

సుల్తాను బజారులో మాఘ ఫాల్గుణ మాసములందు బండ్లపై రాసులుగా పోసి అమ్మునట్టి నల్లద్రాక్షకును, విదేశములయందు ఎఱ్ఱని ఆసవము తీయు నల్లద్రాక్షకును భేదము లేదని మన బాగాతు పట్టాదారులలో పలువురు తలంచుచున్నారు. ఈ తలంపుతోనే రాతిస్తంభములకును, ఇనుపతీగెకును లక్షలకొలది రూపాయలు వెచ్చింప నుద్యుక్తులగువారు కలరు. అట్టివారు తోట వేయుటకు ముందే ఈ విషయము నెఱుగుట యుక్తము.

హైదరాబాదు పరిసరములకు కీర్తి తెచ్చిన అనాబెషాహి తెల్లనిది. కాయ పెద్దది, తినుటకు తగినది. అందలి చక్కెర సాధారణముగా నూటికి 14 మొదలు 16 పాళ్లు. చిక్కబళ్లాపురము, కోలారు ప్రాంతములందు మన తెలుగు రైతులు కూడ పండించు బెంగుళూరు బ్లూ నల్లనిదే యైనను అమెరికా జాతి సంబంధము కలది. దాని ఘాటైన వాసన రసమునకు మేలు, మేలురకపు ఆసవమునకు కాదు. విత్తులు లేని శరద్ సీడ్‌లెస్ కేవలము తినుటకే.

ఆసవమునకు పనికివచ్చు షిరాజు కాయ చిన్నది, తోలు మందము, లోన విత్తులుండును. దీని రసమునకు రంగు లేదు. రంగును, వగరును తోలునందే యున్నవి; కావుననే పండ్లను చిదిపి, తోలుతో కూడ పులియబెట్టుదురు. కాయ చిన్నదైనకొలది రసమునకు తోలు పాలు హెచ్చును. చక్కెర నూటికి 23, 24 పాళ్లకు వచ్చిన పిమ్మట కోయుదురు. అంత తీపి రావలయునన్న గుత్తులను తగ్గింపక తప్పదు. అనాబెషాహి పందిరిపై ఎకరమునకు 12 టన్నులకు పైగా దించుటకు అలవాటుపడిన రైతు, ఇచట 4, 5 టన్నులతో తృప్తి పడవలయును.

షీరాజ్ అను పేరు ఉర్దూ కాగితములలో కనుపించినంతనే హాఫిజు కవి జ్ఞప్తికి వచ్చును. ఈ ద్రాక్షయు పారసీకమునుండియే వచ్చినదని చిరకాలము చెప్పుకొనిరి. అది నిజము కాదు. 1998లో అమెరికా, ఫ్రాన్సు దేశముల శాస్త్రజ్ఞులు వంశపరీక్ష జరిపి, ఇది ఫ్రాన్సు ఆగ్నేయ భాగమునందలి ద్యురేజా, మోందేజ్ బ్లాంష్ అను రెండు రకముల సంతతి యని తేల్చిరి. ఫ్రాన్సులో దీని పేరు సిరా.

అచట రోన్ నదీతీరమున ఎర్మితాజ్ అను కొండపై ఇది శ్రేష్ఠముగా పండును. కొండలో కొంత భాగము నల్లరాతి పొడి నేల; నీరు నిలువదు, తీగ విపరీతముగా బలియదు. దానికెగువ నున్న కోత్ రోతీలో మిక్కిలి యేటవాలు గట్లపై పెంచి, ఒక్కొకచో వియోన్యే అను తెల్లద్రాక్షను కొంత కలిపి పులియబెట్టుదురు. అచటి ఆసవము గట్టి వగరు కలిగి మిరియపు వాసన వేయును. ఈ మాట ఉపమానము మాత్రమే కాదు: మిరియములందున్న రోటుండోన్ అను ద్రవ్యమే ఈ ద్రాక్ష తోలునందును కలదని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించిరి. చల్లని తావులందు పండినపుడు అది హెచ్చు.

ఆస్ట్రేలియాకు దీని కొమ్మలను 1832లో జేమ్సు బస్బీ అను నాతడు తెచ్చిన వానిలో చేర్చెను. బరోసా లోయలో 1843లో నాటిన తీగలు కొన్ని నేటికిని కాయుచున్నవి. అచట ఎండ తీవ్రము, గాలి పొడి. కనుక ఆసవము చిక్కనై, మిక్కిలి పండిన నేరేడును తలపించు రుచితో, మద్యాంశము హెచ్చుగా నుండును. తీగ యొకటే, నేలయు, ఎండయు వేఱైనంతనే వస్తువే వేఱైనట్లు తోచును.

మన చల్క నేలలును నల్లరాతినుండి పుట్టినవే కదా, ఎర్మితాజ్ వలె ఇచటను పండదా యని యడుగవచ్చును. నేల కొంతవఱకు సరిపోవును, ఋతువే సరిపోదు. ఫ్రాన్సులో కాయ సెప్టెంబరులో, చలి ప్రవేశించుచుండగా పండును. మన దక్కనులో తీగ శీతకాలమున నిద్రింపదు. ఏప్రిలులో నొకమాఱు, అక్టోబరు ప్రాంతమున నొకమాఱు కత్తిరింతుము. పంట ఫిబ్రవరి, మార్చిలలో, ఎండలు ముదురుచుండగా వచ్చును. ఆ వేడికి కాయలోని పులుపు కరగిపోవును, రంగు తగ్గును, తీపి మాత్రము త్వరగా పెరుగును. పులుపు లేని ఆసవము చప్పనిది, నిలువదు. కత్తిరింపును ఆగస్టు చివరకు జరిపిన యెడల కాయ జనవరి చలిలో పండును గాని, పూతపై వెనుకటి వానలు పడి బూజు తెగులు సోకును. ఈ రెండు నష్టముల నడుమ తేదిని నిర్ణయించుటయే ఇచటి సేద్యమునందలి ముఖ్యమైన నేర్పు. నాసిక్కునను, నందికొండల దిగువనున్న దొడ్డబళ్లాపురమునను షిరాజు ఆసవము తయారగుచున్నది. రాత్రుల చల్లదనము వారికి సాయము.

ఇక ధనము మాట. మహారాష్ట్ర ప్రభుత్వము 2001లో ద్రాక్షాసవ పరిశ్రమకు ప్రోత్సాహక విధానమును ప్రకటింపగా నాసిక్కు రైతులు విస్తారముగా ఈ తోటలు వేసిరి. 2008, 2009 సంవత్సరముల ఆర్థిక మాంద్యమున గిరాకి పడిపోయినది. కొన్ని కర్మాగారములు పంటను కొనజాలకపోయెను. తినుద్రాక్షకు ధర లేనపుడు బజారులో అయినకాడికి అమ్మవచ్చును, ఎండబెట్టి కిస్మిసు చేయవచ్చును. చిన్న కాయ, మందపు తోలు, విత్తులు గల షిరాజును బండిపై పోసినచో కొనువాడుండడు. పలువురు తోటలను పెఱికి తినుద్రాక్షకు మరలిరి.

కావున కొనువానితో వ్రాతమూలకమైన ఒడంబడిక కుదిరిన పిదపనే మొక్క నాటవలయును. అందు చక్కెర పాళ్లను బట్టి ధర, పంటను ఎత్తుకొనవలసిన గడువు, గడువు మీఱినచో నష్టము నెవరు భరింపవలయునో స్పష్టముగా నుండవలయును. కర్మాగారము నాసిక్కున నున్నచో ఇచటినుండి ఆఱేడు వందల కిలోమీటర్లు. మార్చి ఎండలో చిదికిన పండు దారిలోనే పులియనారంభించును, ఆ రవాణా యెవరిదో కూడ వ్రాయించుకొనుడు. తోటయందే ఆసవము తీయవచ్చునను తలంపు వలదు. ఆబ్కారీ అనుమతి లేక అది నేరము. రకముల విషయమై రాజేంద్రనగరము ద్రాక్ష పరిశోధనా కేంద్రమునందును, పూనా చెంతనున్న మాంజరి జాతీయ ద్రాక్ష పరిశోధనా కేంద్రమునందును విచారింపవచ్చును. పోవునపుడు మీ బావినీటిని, నేలమట్టిని పరీక్ష చేయించిన కాగితములను వెంట గొనిపోవుడు, ఏలయన ఉప్పునీటి బావులున్నచోట అంటు కట్టుటకు వేరుమూలమును వేఱుగా నెన్నుకొనవలసియుండును.