కోచ్ గ్రౌండ్‌లోకి వచ్చేస్తే అంపైర్ ఏం చేయాలి?

స్టేడియం మొత్తం అరుస్తుంటే, కోచ్ నేరుగా మీదికి వస్తుంటే, అంపైర్ అంత కూల్‌గా ఎలా ఉంటాడు? ఇవాళ అదే మాట్లాడుకుందాం.

2022 ఏప్రిల్ 22, ముంబై వాంఖడే. ఐపీఎల్‌లో ఢిల్లీ, రాజస్థాన్ మ్యాచ్. ఆఖరి ఓవర్లో ఢిల్లీకి 36 పరుగులు కావాలి. రోవ్‌మన్ పావెల్ మొదటి మూడు బంతులూ సిక్సర్లే కొట్టాడు. మూడోది ఫుల్‌టాస్. నడుము పైకి వచ్చింది, నోబాల్ ఇవ్వాల్సిందే అని ఢిల్లీ వాళ్ల వాదన. అంపైర్లు ఇవ్వలేదు. కెప్టెన్ రిషభ్ పంత్ బ్యాటర్లని బయటికి వచ్చేయమని సైగ చేశాడు. అసిస్టెంట్ కోచ్ ప్రవీణ్ ఆమ్రే ఏకంగా గ్రౌండ్‌లోకి వెళ్లిపోయారు.

అంపైర్లు ఆయనతో మాట్లాడి వెనక్కి పంపారు. నిర్ణయం మారలేదు, ఆట మళ్లీ మొదలైంది. రాజస్థాన్ 15 పరుగులతో గెలిచింది.

ఇక్కడ అసలు పాయింట్ ఏంటంటే, శిక్ష వేయడం ఆ క్షణంలో అంపైర్ పని కాదు. ఆయన రిపోర్ట్ ఇస్తాడు, తేల్చేది మ్యాచ్ రెఫరీ. ఆమ్రేకి మ్యాచ్ ఫీజు మొత్తం జరిమానా, ఒక మ్యాచ్ నిషేధం పడ్డాయి. కోపం తీర్చుకునే బాధ్యత నెత్తిన లేనప్పుడు గొంతు పెంచాల్సిన అవసరమే రాదు కదా!

ఫుట్‌బాల్‌లో ఇది మెట్లు మెట్లుగా ఉంటుంది. ముందు హెచ్చరిక, తర్వాత ఎల్లో కార్డ్, ఆ తర్వాత రెడ్. కోచ్‌లకి కూడా కార్డులు చూపించొచ్చని 2019లో రూల్స్‌లో చేర్చారు. బెంచ్ మీద తప్పు ఎవరు చేశారో తెలియకపోతే, అక్కడున్న సీనియర్ కోచ్‌కే కార్డ్! తర్వాతి మెట్టు ఏంటో ఇద్దరికీ ముందే తెలుసు కాబట్టి రెఫరీ బెదిరించక్కర్లేదు.

సరే, మరి కోచ్ చెప్పిందే కరెక్ట్ అయితే? అప్పటి రూల్స్ ప్రకారం వికెట్ పడితే తప్ప అలాంటి నోబాల్‌ని థర్డ్ అంపైర్‌కి పంపే వీల్లేదు. 2023 సీజన్ నుంచి వైడ్, నోబాల్ మీద కూడా రివ్యూ అడగొచ్చని మార్చారు. అంటే ఢిల్లీ వాళ్ల ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అడిగిన పద్ధతే తప్పు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మీటింగ్‌లో ఎవరైనా గట్టిగా మాట్లాడితే, నేను ఇంకా గట్టిగా మాట్లాడేవాణ్ని. ఇప్పుడు అనిపిస్తోంది, అవతలి మనిషి మాట వినడం వేరు, నిర్ణయం మార్చుకోవడం వేరు. మొదటిది ఎప్పుడైనా చేయొచ్చు. మర్యాద అంటే అదే.

మీరైతే ఆ బంతికి నోబాల్ ఇచ్చేవారా? కామెంట్స్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, బై!