నీడ గడియారము – సుడి గడియారము

అన్నవరము సత్యనారాయణస్వామివారి దర్శనమునకు వెళ్లిన యాత్రికులలో పలువురు అచ్చటి నీడ గడియారమును చూచియుందురు. దానిని నిర్మించినవారు రామచంద్రపురమునకు చెందిన ప్రసిద్ధ సిద్ధాంతి, కీర్తిశేషులు పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రిగారు. అందు చక్రములు లేవు. కీ ఇవ్వవలసిన పని లేదు. కాని ఆ నీడను చేతి గడియారముతో పోల్చి చూచువారికి ఒక సందేహము కలుగును: రెండును ఒకే వేళను చూపవేమి?

నీడయందు దోషము లేదు. చేతి గడియారము చూపునది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును అనుసరించి 1906లో దేశమునకు ఏర్పరచిన కాలము. ఆ రేఖ గోదావరి సీమకు మిక్కిలి చేరువనే పోవుచున్నది. డిగ్రీకి 4 నిమిషముల లెక్కన, రామచంద్రపురమున మధ్యాహ్నము ఆ రేఖపై కంటె సుమారు 2 నిమిషములు ఆలస్యముగా వచ్చును. అన్నవరమున ఆ తేడా అర నిమిషమునకు లోపే. ఇంతకంటె పెద్ద తేడా మరొకటి కలదు. సూర్యుని చుట్టు భూమి నడక ఏడాది పొడవునా సమముగా ఉండదు. దాని ఇరుసు కూడ వాలియున్నది. అందువలన ఫిబ్రవరి నడిమి దినములలో నీడ గడియారము దాదాపు 14 నిమిషములు వెనుకబడును. నవంబరు మొదట 16 నిమిషములు ముందుండును. ఈ తేడాలు ఏటేటా అదే క్రమమున వచ్చును. కనుక గణితము తెలిసినవాడు వానికి పట్టిక కట్టి సరియైన వేళను చెప్పగలడు.

చక్రముల గడియారమునకు ఇట్టి పట్టిక కట్టుట సాధ్యము కాదు. దానికి ప్రాణము బ్యాలెన్సు చక్రము. వెంట్రుకవంటి స్ప్రింగు సాయమున ఆ చక్రము అటునిటు ఊగుచుండును. సెకనునకు 5 ఊపుల చొప్పున దినమునకు 4,32,000 ఊపులు. ఒక్కొక్క ఊపు పదివేలలో ఒక వంతు మందగించినచో, దినము ముగియునప్పటికి గడియారము 8 సెకనులకు పైగా వెనుకబడును. చక్రమున ఒక ప్రక్క ఇసుమంత బరువు హెచ్చినను, గడియారము నిలువుగా ఉన్నప్పుడు భూమ్యాకర్షణము ఊపుల కాలమును మార్చును. ఒక భంగిమయందు గడియారము ముందునకు పోవును, తలక్రిందు చేసినచో వెనుకబడును.

పూర్వము గడియారము జేబులో, ఒకే తీరున, నిలువుగా వ్రేలాడుచుండెడిది. కనుక దోషము దినదినము ఒకే వైపు పెరిగెడిది. దీనికి విరుగుడు కనుగొన్నవాడు పారిసు నగరమున పనిచేసిన ఆబ్రహాం లూయీ బ్రెగే. అతడు 1747లో నేటి స్విట్జర్లండునందలి నోషతెల్ పట్టణమున జన్మించెను. బ్యాలెన్సు చక్రమును, స్ప్రింగును, వాని గతిని నియమించు భాగములను ఒక చిన్న పంజరమున అమర్చి, ఆ పంజరమునే గుండ్రముగా తిరుగునట్లు చేసెను. 1801 జూన్ 26న దానికి పేటెంటు పొందెను. దాని పేరు టూర్బియాన్, అనగా సుడిగాలి. గోదావరి సుడులు ఎరిగిన మనము దానిని సుడి గడియారమనిన తప్పు లేదు.

నేటి గడియారములలో ఈ పంజరము సామాన్యముగా నిమిషమునకు ఒకసారి తిరుగును. అర నిమిషమున చేరిన దోషము మిగిలిన అర నిమిషమున చాలవరకు తీరిపోవును. బ్రెగే దోషమును రూపుమాపలేదు. దానిని తనతో తానే చెల్లుపడునట్లు చేసెను. గడియారము బల్లపై వెల్లకిల పడియున్నప్పుడు మాత్రము ఈ ఉపాయము పనిచేయదు.

దీనిని చేయుట కష్టతరము. ప్రతి టిక్కునకు పంజరము ఆగి మరల కదలవలెను. బరువైనచో ప్రధాన స్ప్రింగు బలమంతయు దానికే చాలదు. కనుక పదుల కొలది భాగములున్న పంజరమును ఒక గ్రాముకు లోబడి తూగునట్లు చేయుదురు. నిపుణులు భూతద్దము క్రింద ఒక్కొక్క అంచును చేతితో మెరుగుపెట్టుదురు. అందుకే దాని వెల లక్షల రూపాయలు.

అంత వెలకు తగిన ప్రయోజనము కలదా? ముంజేయి ఎల్లప్పుడు కదలుచుండును గనుక అచ్చట సుడి అవసరము తక్కువ. 1969లో మార్కెట్టునకు వచ్చిన క్వార్ట్జు చేతి గడియారము, తరువాత వచ్చిన చౌక రకములు, ఈ రాజసమైన యంత్రమును కాలపాలనలో మించిపోయినవి. నేడు సుడి గడియారమును కొనువారు దాని పనితనమునకే వెల యిచ్చుచున్నారు.

కీ ఇచ్చు గడియారము గల ఇంటివారు ఒక పరీక్ష చేయవచ్చును. దానిని ఒక రాత్రి వెల్లకిలగాను, మరునాటి రాత్రి నిలువుగాను ఉంచి, ప్రతి ఉదయము రేడియోలో చెప్పు సమయముతో సరిచూచి తేడా వ్రాసికొనుడు. రెండు అంకెలు వేరైనచో, బ్రెగేను తొలిచిన సమస్య మీ బల్లపైననే ఉన్నది.