నావికుని దిద్దుబాట్లు

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో శతాధిపతి పౌలు మాట నమ్మక నావికుని మాట నమ్మెనని చదువుదుము. గ్రీకు మూలములో ఆ నావికునికి కుబెర్నేటీస్ అని పేరు. 2014వ సంవత్సరమున గూగుల్ సంస్థ తాను వెలువరించిన యొక సాఫ్ట్‌వేరునకు ఆ పేరే పెట్టినది.

కంటెయినర్లనబడు పెట్టెలలో నుంచిన ప్రోగ్రాములను అనేక కంప్యూటర్లకు పంచి, ఒకటి చెడినచో దానికి బదులు వేఱొకటి నిలుపుట దీని పని. దీని కూర్పులకు 1.12.3 వంటి సంఖ్యలుండును. నడిమి యంకె క్రొత్త సౌకర్యములను, కడపటి యంకె తప్పుల దిద్దుబాటును దెలుపును.

2018 డిసెంబరులో దీనియందొక గొప్ప లోపము బయలుపడెను. తగిన హక్కు లేనివాడు సయితము పరిపాలకుని యధికారమును చేజిక్కించుకొన వీలుండెను. నిర్వాహకులు దానిని దాచక ప్రకటించి, 1.10.11, 1.11.5, 1.12.3 కూర్పులలో సవరించిరి. అయినను పాత కూర్పునే వాడుకొన్నవారికి ఆ సవరణవలన మేలేమి? ఉపాధ్యాయుడు దిద్దియిచ్చిన పుస్తకమును విప్పి చూడని బాలుని గతియు నింతే గదా!

దీని మూలరచన యెల్లరకును తెరచియున్నది. ఎవరైనను తప్పు చూపి సవరణ పంపవచ్చును. ఇతరులు పరీక్షించి చేర్చుదురు. తిరుపతి, చిత్తూరు ప్రాంతముల మన విద్యార్థులును అట్టివారిలో నుండవలెనని మేము కోరుచున్నాము.