ఆబోతు బీజము – ఆవుపై పడు నింద

గుండ్లకమ్మ యొడ్డున మేమెఱిగిన యొక గ్రామమున, కొన్ని సంవత్సరముల క్రిందట, ఒక ముసలమ్మ తన ఒంగోలు ఆవును సంతలో అమ్మివేసెను. ఆ యావు జ్యేష్ఠమున నొకసారి, ఆషాఢమున నొకసారి దాటించినను చూడి కట్టక మరల పొర్లెను. ఊరివారు గొడ్డుమోతని నిశ్చయించిరి. సంతలోను గొడ్డుటావు ధరయే పలికెను. కొన్నవాని యూర వేఱొక ఆబోతు దాటగా నది మొదటి యెదలోనే చూడి కట్టి, మరుసటి యేట కోడెదూడను వేసెను.

ముసలమ్మ యూర మఱి ఆరేడు ఆవులును ఆ దినములలో నట్లే పొర్లినవి. మేము విచారింపగా, వైశాఖమున ఆ యూరి ఆబోతునకు గాలికుంటు సోకి నాలుగు దినములు తీవ్రజ్వరము కాసినదని తెలిసెను. పిదప నది కోలుకొని మేత చక్కగా మేయుచు, ఎప్పటివలెనే ఆవులను దాటుచుండెను. "దాటుచున్నదిగదా, దానికేమి లోపము?" అని రైతులు మమ్మడిగిరి. దాటుట వేఱు, బీజము పుట్టుట వేఱు. ఈ భేదము తెలియవలెనన్న మగపశువు జననాంగములు పనిచేయు రీతి తెలియవలెను.

ఆబోతు విత్తులు రెండును దేహమునకు వెలుపల, సంచిలో వ్రేలాడుచుండుట మన మెల్లరము చూచినదే. ప్రాణాధారమగు ఇతర అవయవము లన్నియు లోపల భద్రముగా నుండగా, వంశమును నిలుపు నీ యంగము మాత్రము బయట నేల యుండవలెను? కారణము చల్లదనము. పశువు దేహపు వేడి సుమారు 38.5 సెంటీగ్రేడు డిగ్రీలు. ఆ వేడిలో బీజకణములు సరిగా తయారు కావు. వానికి మూడు నాలుగు డిగ్రీలు తక్కువ కావలెను. అందుకై సంచి చర్మము పలుచనై చెమర్చును. చలి వేళ సంచి ముడుచుకొని విత్తులను పైకి లాగును, ఎండ వేళ సడలి క్రిందికి దింపును. అంతకన్న వింత యేమనగా, విత్తులకు పోవు రక్తనాళము మెలికలు తిరిగి, చల్లబడి తిరిగివచ్చు సిరల వలలో చుట్టుకొని యుండును. వేడి రక్తము దిగునప్పుడే తన వేడిని ఆ సిరలకిచ్చి చల్లబడును. ప్రదర్శనముల బహుమానమునకై ఆబోతును అతిగా బలియబెట్టినచో సంచి మెడలో క్రొవ్వు చేరి యీ యేర్పాటును చెఱచును. నిగనిగలాడు ఆబోతెల్ల మంచి ఆబోతు కాదని మేమనుటకు ఇది యొక కారణము.

విత్తుల లోపల సన్నని దారములవంటి నాళములు చుట్టలు చుట్టలుగా నుండును. వాని గోడలలో మూలకణములు విభజింపబడుచు, రూపు మారుచు, తలయు తోకయు గల బీజకణము లగును. ఆబోతులో నీ పనికి పట్టు కాలము 61 దినములు. అంతటితో తీఱదు. అవి విత్తు వెలుపల నంటుకొనియున్న మఱియొక నాళములో ప్రవేశింపవలెను. ఆ నాళమును చిక్కుతీసి సాచినచో ముప్పది మీటర్లకు పైబడును. అందులో సుమారు పది దినములు పయనించి, యీదుటకును అండమును చేరి ఫలింపజేయుటకును తగిన శక్తి నొందును. కాబట్టి నేడు దాటిన ఆబోతు బీజము రెండు నెలలకు పైగా ముందు మొదలుపెట్టిన పంట. నడుమ జ్వరము వచ్చినను, వడగాడ్పు తగిలినను, అప్పుడు పైరులో నున్న కణములు చెడును. చెడుగు రెండు వారములకు బయటపడి, కుదుటపడుటకు రెండు నెలలైనను పట్టును. పశువు కోరికకు మూలమగు రసము మాత్రము ఆ విత్తులలోనే వేఱు కణములనుండి పుట్టుచుండును. వేడికి అది యంతగా లొంగదు. అందుచేతనే ఆ యూరి ఆబోతు వట్టి బీజముతో దాటుచు నందఱిని మోసపుచ్చినది.

దాటునప్పుడు జరుగు పని క్షణకాలము. లోపల పాము మెలికవలె మడిగియుండు అంగము చక్కబడి వెలికి వచ్చును. బీజకణములు పై గ్రంథుల రసముతోను, ఆ రసమందలి చక్కెరతోను కలిసి వెలువడును. ఒక్క దాటునకు సుమారు అయిదు మిల్లీలీటర్లు. ఒక్కొక్క మిల్లీలీటరున నూరు కోట్లకు అటునిటు కణములు. ఫలించున దొక్కటే.

ఆ యొక్కటి కోడెయో పెయ్యయో నిర్ణయించునదియు మగకణమే గాని ఆవు కాదు. ఈ మాట పశువులకు మాత్రమే చెల్లునని చదువరులు తలపరాదు. మనుష్యులలోను మగవాని అంగములు ఈ విధముననే, ఈ చల్లదనము నాశ్రయించియే పనిచేయును. బిడ్డలు లేరనియు, ఆడపిల్లలే పుట్టిరనియు కోడలిని దూఱు ఇండ్లు మేము చాల చూచితిమి. మగవానిని పరీక్షకు పంపిన ఇండ్లు కొద్ది.

1949లో ఇంగ్లండున పోల్జ్, స్మిత్, పార్క్స్ అనువారు గ్లిసరిను కలిపి గడ్డకట్టించినను బీజకణములు బ్రతుకునని వెల్లడించిరి. నేడు మన యూళ్లలో సూది యని పిలుచునది దాని ఫలమే. అక్కడ బీజమును సూక్ష్మదర్శినితో చూచిన పిమ్మటనే గొట్టములలో నింపుదురు. ఊరి ఆబోతుకు అట్టి పరీక్ష లేదు. కనుక సంఘ మొక ఆబోతును పోషించుచున్నచో, వేసవిలో చెట్టునీడ, చాలినంత నీరు, గాలికుంటు టీకా తప్పక యుండవలెను. ఏటేట బీజపరీక్షయు, ఆవులను ఈచుకుపోజేయు బ్రూసెల్లా వ్యాధికి రక్తపరీక్షయు పశువైద్యునిచే చేయింపవలెను. జ్వరము వచ్చిన తేదీయు, దాటిన తేదీలును ఒక పుస్తకమున వ్రాయవలెను. ఆవు మూడుమార్లు పొర్లినచో ఆ పుస్తకము ముందు తెఱచి, పిదపనే సంత మాట తలపెట్టవలెను.

విత్తులు నొక్కించిన కోడెను గూర్చియు నొక మాట. నాళములలో ముందే చేరిన బీజము కొన్ని వారముల వఱకు మిగిలియుండును. నొక్కించితిమిగదా యని దానిని మఱునాడే పెయ్యల మందలో విడువరాదు.

ముసలమ్మ యూరి ఆబోతు శ్రావణము గడచిన పిమ్మట దాటిన ఆవులు చాలవఱకు చూడి కట్టినవి. అమ్మిన ఆవు మాత్రము తిరిగి రాలేదు.